కొడుకు చెప్పిన మాట తల్లికి చెప్పాలా? శిక్షణ అయ్యాక మొదలైన ప్రశ్న

కొత్తచిగురు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను పీర్ సపోర్ట్ శిక్షణ పూర్తి చేసి నాలుగు నెలలైంది. అంటే మానసిక జబ్బు నుంచి కోలుకున్నవారు, అదే బాధలో ఉన్నవారికి తోడుగా ఉండే పని. ఇరవై రెండేళ్ళ వయసులో, ఎవరికీ వినిపించని గొంతులు నాకు వినిపించడం మొదలైంది. అందులోంచి బయటపడి మళ్ళీ ఉద్యోగం చేయగలిగే స్థితికి రావడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళే ఈ పనికి నా అర్హత. శిక్షణలో చాలా నేర్పారు. అడ్డుపడకుండా వినడం, హద్దులు, గోప్యత, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడం. అన్నీ శ్రద్ధగా రాసుకున్నాను.

పోయిన వారం ఆ నోటు పుస్తకంలో లేనిది ఎదురైంది. నేను కలుస్తున్న అబ్బాయికి ఇరవై నాలుగేళ్ళు. నాలుగోసారి కలిసి బయటికి వస్తుంటే వాళ్ళ అమ్మగారు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. నాకోసమే కాచుకుని ఉన్నారని చూడగానే అర్థమైంది. "వాడు నాతో ముక్క మాట్లాడడమ్మా. నీతో గంటసేపు మాట్లాడుతున్నాడు. అదంతా నాకు వద్దు. మందులు వేసుకుంటున్నాడో లేదో ఆ ఒక్కటి చెప్పు, చాలు" అన్నారు.

పది నిమిషాల ముందే ఆ అబ్బాయి చెప్పాడు, రెండు వారాలుగా సగం మాత్రే వేసుకుంటున్నానని. ఎవరికీ చెప్పవద్దని కూడా.

"అది నేను చెప్పకూడదండీ" అని గబగబా మెట్లు దిగి వచ్చేశాను. ఆవిడ ముఖం ఇంకా కళ్ళముందే ఉంది. నియమం తప్పలేదు. కానీ ఇద్దరిలో ఒక్కరికీ సాయపడలేదని మనసు పీకుతోంది. ఇటువంటి చోట ఎలా నిలబడాలో ఎక్కడ నేర్చుకోవాలి? ఇంకో కోర్సు చేయాలా?

పాతనావ | సోమవారం, రాత్రి 10:25

మీరు చెప్పకపోవడం సరైనదే. ముందు ఆ బరువు దించుకోండి. పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, అందులో ఆరేళ్ళు కొత్తవారికి సూపర్‌వైజర్‌గా. నా దగ్గరికి వచ్చిన కొత్తవారిలో చాలామందికి మొదటి ఏడాదిలోనే ఆ మెట్లు ఎదురయ్యాయి.

గోప్యత మీ నోటికి కాపలా, చెవులకు కాదు. అబ్బాయి మాట ఆవిడకు చేరవేయకూడదు. ఆవిడ చెప్పేది వినడానికి మాత్రం ఏ నియమమూ అడ్డురాదు. అయిదు నిమిషాలు అక్కడే నిలబడి ఇలా అని ఉండవచ్చు: "నాతో చెప్పినది నా దగ్గరే ఉంటుందని మీ అబ్బాయికి మాట ఇచ్చానమ్మా. ఆ మాట తప్పితే నాతో మాట్లాడటం కూడా మానేస్తాడు. మీకు ఏం కనిపిస్తోందో చెప్పండి, వింటాను. ముగ్గురం కూర్చుని మాట్లాడుకోవచ్చేమో అతన్ని అడుగుతాను." తర్వాత, ఆవిడ మిమ్మల్ని ఆపి మాట్లాడారని అబ్బాయికి తప్పకుండా చెప్పండి. రెండువైపులా రహస్యాలు పేరుకుంటే మధ్యలో నలిగేది మీరే.

ఇక మాత్రల సంగతి. వేసుకోమని ఒత్తిడి చేయడం మన పని కాదు, మానేయడాన్ని మెచ్చుకోవడమూ మన పని కాదు. కొన్ని మందులు ఉన్నట్టుండి తగ్గిస్తే శరీరం తట్టుకోదు, జబ్బు తిరగబెట్టే ప్రమాదమూ ఉంది. ఆ విషయం అతనికి తెలుసా అని అడగండి. ఎందుకు తగ్గించాడో అడగండి. బద్ధకమా, మగతా, బరువు పెరగడమా, లేక తన జీవితం తన చేతిలో లేదన్న బాధా? కారణం తెలిస్తే, డాక్టరును అడగవలసిన ప్రశ్నలు ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోవచ్చు. కావాలంటే మీరు వెంట వెళ్ళవచ్చు. ఇది మీ సూపర్‌వైజర్‌తో రేపే మాట్లాడండి. అయితే "నా సూపర్‌వైజర్‌తో మాట్లాడతాను" అని ఆ అబ్బాయికి ముందు చెప్పి, ఆ తర్వాతే.

ఒక మాట అడుగుతాను. ఏ విషయం మీ దగ్గరే ఉంటుందో, ఏది ఉండదో మొదటి రోజే అతనితో మాట్లాడారా? ప్రాణాపాయం ఉందనిపిస్తే చెప్పక తప్పదని, సూపర్‌వైజర్‌కు తెలుస్తుందని, ఇంట్లోవాళ్ళకు అతని అనుమతితోనే చెబుతారని?

కొత్తచిగురు | సోమవారం, రాత్రి 10:41

మాట్లాడాను. కానీ కాగితం మీద ఉన్నది చదివి సంతకం పెట్టించుకున్నట్టుగానే జరిగింది. ఇంట్లోవాళ్ళ గురించి విడిగా అడగలేదు.

పాతనావ | సోమవారం, రాత్రి 10:50

అయితే వచ్చేసారి అక్కడి నుంచే మొదలుపెట్టండి. "మీ అమ్మగారికి ఏది తెలిస్తే మీకు ఇబ్బంది లేదు?" అన్న ప్రశ్నకు చాలామంది వెంటనే జవాబు చెబుతారు. ఏమీ చెప్పవద్దు అనేవాళ్ళు నేను చూసినంతలో తక్కువ. అన్నీ వాళ్ళను దాటి వెళ్ళిపోతాయన్న భయమే ఎక్కువ.

మెట్లదగ్గరిఅమ్మ | మంగళవారం, ఉదయం 6:15

ఈ పేరు రాత్రి మీ టపా చదివాకే పెట్టుకున్నాను. పన్నెండేళ్ళ క్రితం అలా నిలబడ్డదాన్ని నేనే. మా అమ్మాయి కోసం. ఇప్పుడు నేను కుటుంబాల తరఫున పీర్ సపోర్ట్ చేస్తున్నాను, అంటే జబ్బుపడినవారి తల్లులకు, తండ్రులకు, భార్యలకు, భర్తలకు, అక్కచెల్లెళ్ళకు తోడుగా ఉంటాను.

కొత్తచిగురు గారూ, "చెప్పకూడదండీ" అన్న మాట నాకు కనీసం పదిసార్లు తగిలింది. ప్రతిసారీ నాకు వినిపించింది మాత్రం "నీవల్లే ఇదంతా" అని. ఎవరూ ఆ మాట అనలేదు. నాకు అలా వినిపించేది, ఎందుకంటే రాత్రంతా నన్ను నేను అదే అనుకునేదాన్ని.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడి బృందం 1958లో ఒక విషయం ప్రచురించింది. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చిన స్కిజోఫ్రెనియా (లేని గొంతులు వినిపించడం వంటివి ఉండే తీవ్ర మానసిక జబ్బు) రోగుల్లో తల్లిదండ్రుల దగ్గరికో, భార్య దగ్గరికో తిరిగి వెళ్ళినవారి పరిస్థితి, అద్దె గదుల్లోనో తోబుట్టువుల దగ్గరో ఉన్నవారికంటే బాగాలేదని. తర్వాతి పరిశోధనల్లో ఇంట్లో విమర్శ, కోపం, మితిమీరిన ఆరాటం ఉన్నచోట జబ్బు తిరగబెట్టడం ఎక్కువని తేలింది. నిజమే కావచ్చు. కానీ అది మా చెవిదాకా వచ్చేసరికి "తల్లే కారణం" అని మారిపోయింది. నిద్రలేకుండా, దారి చెప్పేవాళ్ళు లేకుండా రెండేళ్ళు గడిపిన మనిషి విసుక్కోకుండా ఎలా ఉంటుంది? ఆ విసుగు జబ్బు తెచ్చిపెట్టినదే. దాన్ని తగ్గించే మార్గం నేర్పిస్తే తగ్గుతుంది. నాకు నేర్పింది నాలాంటి మరో తల్లి.

అమెరికాలో 1991లో జాయిస్ బర్లాండ్ అనే ఆవిడ కుటుంబాల కోసం ఒక తరగతుల వరుస తయారుచేశారు. నేర్పేవాళ్ళు కూడా కుటుంబ సభ్యులే, డాక్టర్లు కారు. దాని మీద 2011లో వచ్చిన యాదృచ్ఛిక పరీక్షలో, అంటే ఎవరికి ముందు తరగతులు, ఎవరు ఆగాలో చీటీ వేసినట్టు ఎంచి పోల్చిన పరీక్షలో, హాజరైనవారికి సమస్యను ఎదుర్కొనే శక్తి, జబ్బు గురించిన అవగాహన పెరిగినట్టు కనిపించింది. నాకు అది అంకెలకంటే ముందే తెలుసు. మొదటి తరగతిలో ఒకాయన "మా వాడు తలుపు వేసుకుని కూర్చుంటే నేను బయట నేల మీద కూర్చునేవాణ్ని" అన్నారు. నేను ఏడ్చేశాను. నేనూ అలాగే కూర్చునేదాన్ని.

అందుకే మీకు చెప్పేది ఒక్కటే. ఆ అమ్మగారిని కూడా మీరే మోయాలని అనుకోకండి. మీరు ఆ అబ్బాయి వైపు మనిషి. ఆవిడకు ఆవిడ వైపు మనిషి కావాలి. దగ్గర్లో కుటుంబాల కోసం పనిచేసే పీర్ సపోర్ట్ వారు ఎవరున్నారో కనుక్కుని, ఆ పేరు జేబులో పెట్టుకుని వెళ్ళండి.

వానచినుకు | మంగళవారం, ఉదయం 8:30

నేను మద్యం మానేసినవారి వైపు పనిచేస్తాను. మా దగ్గర కూడా ఇదే విభజన. 1935లో తాగుడు మానాలనుకునేవారి సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైతే, తాగేవారి కుటుంబాల కోసం ఆల్-అనాన్ 1951లో విడిగా ఏర్పడింది. భర్తలు లోపల సమావేశంలో ఉంటే బయట ఎదురుచూసే భార్యలకు తమ కష్టం తమదేనని, దానికీ ఒక చోటు కావాలని తెలిసివచ్చింది. ఒకే మనిషి ఇద్దరికీ తోడుగా ఉండబోతే చివరికి ఇద్దరూ అనుమానించడం నేను చూశాను.

తూనికరాయి | మంగళవారం, మధ్యాహ్నం 1:05

అందరి అనుభవానికీ గౌరవంతోనే ఒక విభేదం. కొత్తచిగురు గారి చివరి ప్రశ్న చూడండి: "ఇంకో కోర్సు చేయాలా?" ఏదైనా తడబాటు వస్తే మనకు మొదట తోచేది ఇంకో సర్టిఫికెట్. తొమ్మిదేళ్ళలో నేను చూసినదేమిటంటే, కోర్సులు పెరిగినకొద్దీ మనలో చాలామంది చిన్న డాక్టర్లుగా మారిపోతున్నారు. "మీకేమనిపించింది?" అని అడగవలసినచోట "లక్షణాలు ఎలా ఉన్నాయి?" అంటున్నారు. ఎదుటి మనిషి పేరు బదులు "నా కేసు" అంటున్నారు. మన దగ్గరికి ఎందుకు వస్తారో ఆ కారణమే పోతోంది. మెట్ల దగ్గర కొత్తచిగురు గారి నోట వచ్చిన మాట కూడా, క్షమించాలి, ఆసుపత్రి కౌంటరు మాటే. శిక్షణకు ముందైతే కొత్తచిగురు గారే ఆ అమ్మగారి చేయి పట్టుకుని ఉండేవారు.

పాతనావ | మంగళవారం, సాయంత్రం 6:20

తూనికరాయి గారు చెప్పిన జబ్బు నిజం. మందు మాత్రం శిక్షణ తగ్గించడం అనుకోను.

ఎంత దూరం వచ్చామో ఒకసారి చూడండి. 18వ శతాబ్దం చివర్లో పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో ప్యుస్సాఁ అనే పర్యవేక్షకుడు, కోలుకున్న రోగులనే పనివాళ్ళుగా తీసుకునేవాడు, వాళ్ళు దయగా ఉంటారని. అప్పుడు ఇది ఒక మంచి మనిషి ఇష్టం మీద నడిచిన పని. 1999లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం పేదల ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్ నుంచి పీర్ సపోర్ట్‌కు డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. 2007లో అక్కడి కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలన్నిటికీ రాసిన లేఖలో మూడు షరతులు పెట్టింది: శిక్షణ, దాని ధ్రువీకరణ ఒకటి, సూపర్విజన్ ఒకటి, మిగతా చికిత్సతో సమన్వయం ఒకటి. 2013లో పిల్లల తల్లిదండ్రులకు తోటి తల్లిదండ్రులు చేసే సాయానికీ అది వర్తిస్తుందని స్పష్టం చేశారు. అంటే మెట్లదగ్గరిఅమ్మ గారి పనిలో ఒక భాగానికి ఆ దేశంలో అప్పుడు గుర్తింపు దొరికింది. 2023లో వచ్చిన అక్కడి జాతీయ నమూనా ప్రమాణాలు తరగతి శిక్షణను 40 నుంచి 60 గంటలుగా, సూపర్విజన్‌లో చేసే పనిని 120 గంటలుగా సూచించాయి.

ఈ రెండు అంకెల తేడా చూడండి. తరగతి గదిలో గడిపేదానికి రెండు మూడింతలు పని చేస్తూ, పక్కన ఒకరు ఉండగా నేర్చుకోవాలి. మనలో ఎందరికి ఆ రెండోది నిజంగా దక్కుతోంది? సూపర్విజన్ అంటే నెలకోసారి ఎన్ని సమావేశాలయ్యాయని లెక్క అడగడమే అయిన చోట్లలో నేనూ పనిచేశాను. "ఆ మెట్ల దగ్గర నీ ఒంట్లో ఏమైంది? ఎందుకు పారిపోయావు?" అని అడిగేవాళ్ళుంటే కొత్తచిగురు గారు ఇక్కడికి రాసేవారే కాదు. చిన్న డాక్టర్లుగా మారడం కూడా అలాంటి చోటే పట్టుబడుతుంది, "నీ నోట కేసు అన్న మాట వచ్చింది, గమనించావా?" అని ఒకరు మెత్తగా అడిగినప్పుడు. ఆ ఒకరు మన పని చేసినవారై ఉంటే ఇంకా మంచిది.

నాగలి | మంగళవారం, రాత్రి 9:10

నేను శిక్షణ ఇస్తాను. తూనికరాయి గారి విమర్శలో మా తప్పు ఉంది, ఒప్పుకుంటాను. మేము చెప్పేది ఎక్కువ, చేయించేది తక్కువ.

వినడం అనేది నోటుపుస్తకంలో రాసుకుంటే రాదు. విలియం మిల్లర్ 1983లో మొదట వివరించిన ప్రేరణాత్మక సంభాషణ పద్ధతి మా శిక్షణలో ఒక భాగం. మారడానికి కారణాలు ఎదుటి మనిషి నోటినుంచే వచ్చేలా మాట్లాడించడం అది. అందులో నాకు బాగా పనికొచ్చిన ఆలోచన ఒకటుంది, సరిచేయాలనే ఆత్రం. ఎదుటివాళ్ళు తప్పు దారిలో వెళ్తున్నారనిపిస్తే వెంటనే దిద్దబోతాం. దిద్దబోయినకొద్దీ వాళ్ళు తమ పాత దారినే సమర్థించుకుంటారు. "మాత్ర మానకూడదు" అని మీరంటే, ఎందుకు మానాలో పది కారణాలు అతని నోటినుంచే వస్తాయి. ఆ కారణాలు చెబుతూ చెబుతూ అతనే వాటిని గట్టిగా నమ్మడం మొదలుపెడతాడు. మెట్లదగ్గరిఅమ్మ గారు చెప్పిన మితిమీరిన ఆరాటం కూడా ఇదే ఆత్రం, ప్రేమ వల్ల ఇంకా వేడెక్కి ఉంటుంది.

దీన్ని ఇలా సాధన చేయిస్తాను. ముగ్గురు కూర్చోవాలి. ఒకరు మాట్లాడతారు, ఒకరు వింటారు, మూడోవారు గమనిస్తారు. మాట్లాడేవారు నిజమైన చిన్న ఇబ్బందినే తీసుకోవాలి, కట్టుకథ వద్దు. వినేవారు ఏడు నిమిషాలు సలహా ఇవ్వకూడదు, తన కథ చెప్పకూడదు. విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పడం, అవును, కాదు అని తేల్చేయలేని విశాలమైన ప్రశ్న అడగడం, అంతే. గమనించేవారు సలహా ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో లెక్కపెడతారు, ముఖంలో తెలిసిపోతుంది. మొదటిసారి ఎవరూ మూడు నిమిషాలు దాటరు. పదోసారికి ఏదో మారుతుంది. మెట్ల దగ్గరి దృశ్యాన్ని కూడా ఇలాగే ఆడి చూడండి. ఒకసారి మీరుగా, ఒకసారి ఆ అమ్మగా. అమ్మగా ఆడినప్పుడు ఏ మాట మిమ్మల్ని కాస్త నిలబెట్టిందో చూడండి, అదే రేపు ఆవిడతో అనవలసిన మాట.

సొంత కథ గురించీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. చెప్పబోయేముందు నన్ను నేను అడిగే ప్రశ్న: ఇది ఇప్పుడు ఎవరికోసం? నా బరువు దించుకోవడానికైతే అది నా సూపర్‌వైజర్‌కో స్నేహితులకో చెప్పుకోవాలి. వాళ్ళకోసమైతే రెండు నిమిషాలు చాలు. చెప్పాక మాట మళ్ళీ వాళ్ళ చేతికి ఇవ్వాలి.

వానచినుకు | మంగళవారం, రాత్రి 9:32

నాగలి గారూ, ఇంకొకటి అడగాలి. చాలాకాలంగా ఎవరినీ అడగలేకపోయాను. పోయిన ఏడాది నాకు తిరగబెట్టింది. మద్యం కాదు, దిగులు. రెండు నెలలు పనికి వెళ్ళలేకపోయాను. తిరిగి వచ్చాక నేను తోడుగా ఉన్నవారి ముందు కూర్చోవడానికి సిగ్గేసింది. కోలుకున్న మనిషిగా కూర్చున్నానుగదా వాళ్ళ ముందు.

నాగలి | మంగళవారం, రాత్రి 9:58

అడిగినందుకు కృతజ్ఞతలు. మన శిక్షణల్లో దీనికి అరగంట కూడా ఇవ్వం, అది పెద్ద లోటు.

మనం పూర్తయిన విజయాన్ని చూపించడానికి అక్కడ కూర్చోం. మళ్ళీ లేవడం ఎలాగో తెలిసిన మనిషిగా కూర్చుంటాం. మీరు ఇప్పుడు అది ఇంకా ఎక్కువ తెలిసినవారు. చేతిలో పట్టుకోదగ్గ సాయం ఒకటి చెబుతాను. మేరీ ఎలెన్ కోప్‌లాండ్, మానసిక సమస్యలతో బతుకుతున్న మరికొందరు కలిసి 1997లో రూపొందించిన కోలుకునే కార్యాచరణ పథకం ఉంది, దాన్ని రాప్ అంటారు. నేను బాగున్నప్పుడు ఎలా ఉంటాను, రోజూ ఏం చేస్తే బాగుంటాను, నన్ను ఏవి కుదిపేస్తాయి, చెడుతున్నానని చెప్పే మొదటి గుర్తులేమిటి, చేయి దాటితే ఎవరు ఏం చేయాలి, ఇవన్నీ బాగున్న రోజునే రాసుకోవడం. ఇతరులచేత రాయిస్తాం కానీ మనది మనం రాసుకోం. మీరు రాసుకోండి. మీ సూపర్‌వైజర్‌కు ఒక్క పేజీ ఇవ్వండి, మొదటి గుర్తులు ఉన్న పేజీ. నాది నా సహోద్యోగి దగ్గరుంది. రెండు వరుస రోజులు ఫోను ఎత్తకపోతే ఆవిడ వచ్చేస్తుంది.

తూనికరాయి | బుధవారం, ఉదయం 7:45

రాత్రి మీ మాటలు చదివాక నా ఆరోపణ కొంత సవరించుకుంటున్నాను. నాకు భయం శిక్షణ అంటే కాదు, మన పనికి సంబంధం లేని శిక్షణ అంటే. అది ముందే స్పష్టంగా రాయవలసింది. కొత్తచిగురు గారూ, కౌంటరు మాట అన్నందుకు మన్నించండి.

ఫలితాల గురించి కూడా నిజాయితీగా ఉండాలని నా కోరిక. 2014లో వచ్చిన ఒక సమగ్ర సమీక్ష, అంటే అప్పటివరకు జరిగిన పరీక్షలను కలిపి చూసిన అధ్యయనం, తీవ్ర మానసిక అనారోగ్యం ఉన్నవారికి పీర్ సపోర్ట్ వల్ల ఆసుపత్రి చేరికలు తగ్గినట్టు పెద్దగా ఆధారం దొరకలేదని చెప్పింది. ఆశ, తమ జీవితం మీద పట్టు వంటివాటిలో కొంత మేలు కనిపించింది. 2018లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన ఇంగ్లండ్ పరీక్ష వేరు. మానసిక సంక్షోభంలో ఉన్నవారిని చూసుకునే అత్యవసర బృందాల సంరక్షణ నుంచి బయటికి వచ్చినవారికి పీర్ సహాయకులు పది సమావేశాల వరకు కలుస్తూ, కోలుకోవడానికి సొంతంగా నింపుకునే పుస్తకంతో సాయపడ్డారు. ఏడాదిలోపు మళ్ళీ అత్యవసర సంరక్షణలో చేరినవారు వారిలో 29 శాతం, పుస్తకం మాత్రమే తపాలాలో అందుకున్నవారిలో 38 శాతం.

పుస్తకం ఇద్దరికీ ఒక్కటే. తేడా, పక్కన కూర్చున్న మనిషి. ఆ మనిషి ఏం చేయాలో స్పష్టంగా తెలిసి, అందుకు తగ్గ తర్ఫీదు పొంది వెళ్ళాడు. ఆ పని హద్దులు సరిగ్గా గీయకుండా మమ్మల్ని వార్డులోకి తోసేసిన రోజులు నాకు గుర్తున్నాయి. అక్కడే చిన్న డాక్టర్లమయ్యాం.

నిదానంగా | బుధవారం, ఉదయం 11:20

నేను పీర్ సపోర్ట్ పొందుతున్న మనిషిని, పనిచేసేవాణ్ని కాదు. రాయవచ్చో లేదో తెలియదు.

మాత్రలు తగ్గించినప్పుడు నేనూ ఎవరికీ చెప్పవద్దన్నాను. నా తోడుగా వచ్చే ఆయన "సరే, కానీ నాకు కొంచెం భయంగా ఉంది" అన్నాడు. అప్పటివరకు నా జబ్బు గురించి అందరూ నిర్ణయాలు చెప్పారు, భయం ఎవరూ చెప్పలేదు. వారం తర్వాత నేనే డాక్టరుకు ఫోను చేశాను. మా నాన్నకు చెప్పడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. అది మాత్రం నేనే చెప్పాలనుకున్నాను, ఇంకొకరి నోట వద్దు.

మెట్లదగ్గరిఅమ్మ | బుధవారం, ఉదయం 11:48

మీరు తప్పకుండా రాయాలి. మీ టపా మా అమ్మాయికి చదివి వినిపించాను. "అవును, ఇంకొకరి నోట వద్దు" అంది.

కొత్తచిగురు | శనివారం, సాయంత్రం 5:30

అందరికీ చెప్పవలసినది ఉంది. తూనికరాయి గారూ, మన్నించడానికేమీ లేదు, మీ మాట నాకు పనికొచ్చింది.

గురువారం మా సూపర్‌వైజర్‌ను పట్టుకుని నాగలి గారు చెప్పినట్టు ముగ్గురం ఆడి చూశాం. నేను అమ్మగా ఆడినప్పుడు, "మీకు ఏం కనిపిస్తోంది?" అన్న ప్రశ్న దగ్గర నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఈరోజు వెళ్ళాను. మెట్ల దగ్గర వాళ్ళ అమ్మగారు ఆపినట్టు ముందుగా అబ్బాయికి చెప్పాను. అతని ముఖం బిగుసుకుంది. "ఏం చెప్పావు?" అన్నాడు. "ఏమీ చెప్పలేదు, సరిగా మాట్లాడకుండానే పారిపోయాను" అన్నాను. చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత నిదానంగా గారి మాట గుర్తొచ్చి, మాత్రల గురించి నాకు భయంగా ఉందని, మా సూపర్‌వైజర్‌తో మాట్లాడాలనుకుంటున్నానని చెప్పాను. వద్దనలేదు. పగలంతా మగతగా ఉంటోందట, చదివినది గుర్తుండటం లేదట. డాక్టరును అడగడానికి అయిదు ప్రశ్నలు రాసుకున్నాం. నాలుగు అతనే రాశాడు. సోమవారం నేను వెంట వెళ్తున్నాను.

అమ్మగారికి ఏం చెప్పవచ్చని అడిగితే, "డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పు. ఎందుకో నేను చెబుతాను" అన్నాడు.

మెట్ల దగ్గర ఆవిడ ఈసారీ ఉన్నారు. ఆ ఒక్క మాట చెప్పాను. తర్వాత కూర్చున్నాను, మెట్టు మీదే, ఆవిడ పక్కన. ఇరవై నిమిషాలు ఆవిడ మాట్లాడారు. కుటుంబాల కోసం పనిచేసే ఒకావిడ పేరు, ఫోను నంబరు రాసిచ్చాను. కాగితం మడిచి పట్టుకున్నారు. ఫోను చేస్తారో లేదో తెలియదు.

మెట్లదగ్గరిఅమ్మ | శనివారం, సాయంత్రం 5:52

నేను ఆ కాగితాన్ని మూడు వారాలు దాచుకుని అప్పుడు చేశాను. వచ్చే శనివారం వెళ్ళినప్పుడు చేశారా అని అడగకండి. ఎలా ఉన్నారని అడగండి.